ఇంట్లోనే కారు ఇంజిన్ శుభ్రం చేసుకోవడం: కడిగే ముందు చూడాల్సినవి, కడిగాక చేయాల్సినవి

కారు పైభాగాన్ని రోజూ తుడిచేవాళ్లు కూడా బానెట్ ఎత్తేది వాషర్ నీళ్లు పోయడానికో, బ్యాటరీ దిగిపోయినప్పుడో. ఈలోగా లోపల దుమ్మూ ఆయిలూ కలిసి జిడ్డుగా గడ్డకడతాయి. ఏ హోస్ పగుళ్లిచ్చిందో, ఏ ప్యాకింగ్ (రెండు భాగాల మధ్య లీకు కాకుండా పెట్టే పొర) నుంచి ఆయిల్ కారుతోందో ఆ జిడ్డు కింద కనపడదు. ఇంజిన్ శుభ్రం చేసుకోవడంలో అసలు లాభం ఇవి బయటపడడమే. మెరుపు తర్వాతి సంగతి. అందుకే ఈ పని సర్వీసింగ్ సెంటర్‌కు అప్పగించి అరగంటలో నీళ్లు కొట్టించుకోవడం కన్నా, ఒక ఆదివారం పొద్దున మీరే కూర్చుని చేసుకోవడం మంచిదంటాను. మీ కారుని మీరు చూసినంత ఓపికగా ఇంకొకరు చూడరు.

నేను చెప్పేది ఎనిమిది నుంచి పదిహేనేళ్ల వయసున్న మామూలు పెట్రోలు, డీజిల్ కార్ల గురించి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనపడతాయి. అవి హై వోల్టేజీవి, వాటి దగ్గర నీళ్లూ బ్రష్షూ వద్దు. అలాంటి కారైతే పైపైన పొడి గుడ్డతో దుమ్ము తుడిచి ఆపేయండి. బయట సీఎన్‌జీ కిట్ బిగించుకున్న కార్లలో రెగ్యులేటర్, గ్యాస్ ఇంజెక్టర్లు, వాటి కంప్యూటర్ విడిగా ఉంటాయి. వాటి వైర్ల జాయింట్లు కంపెనీ వైర్లంత గట్టిగా మూసి ఉండవు కాబట్టి ఆ భాగాన్ని తడపకుండా గుడ్డతోనే తుడవాలి.

కడగక ముందు చూడండి

ఇంజిన్ మీద మురికి ఒక సాక్ష్యం. కడిగేస్తే ఆ సాక్ష్యం పోతుంది. కాబట్టి ముందు టార్చిలైటు, ఫోన్ పట్టుకుని బానెట్ కింద ఉన్నదంతా ఫోటోలు తీయండి. జిడ్డు ఎక్కడ దట్టంగా ఉందో, ఎక్కడ తడిగా ఉందో దగ్గర నుంచి తీయండి. ఆయిల్ ఎప్పుడూ పై నుంచి కిందికీ, బండి వెళ్లేటప్పుడు వెనక్కీ పాకుతుంది. కింద తడి కనపడితే దానికి నేరుగా పైన ఏముందో వెతకాలి. ఇంజిన్ పక్కలంతా జిడ్డు ఉండి, పైన ట్యాపెట్ కవర్ (ఇంజిన్ తల మీది మూత) అంచు వెంబడి కొత్త తడి ఉంటే, చాలాసార్లు అది ఆ కవర్ ప్యాకింగ్ పోయినట్టు. ఎక్కువ ఖర్చు లేని రిపేరు అది. చూడక వదిలేస్తే ఆ ఆయిల్ కొన్ని ఇంజిన్లలో స్పార్క్ ప్లగ్గుల గుంతల్లోకి దిగుతుంది, ఇంకొన్నిట్లో వేడి సైలెన్సర్ పైపు మీద పడి పొగ వస్తుంది.

రంగును బట్టి కూడా కొంత తెలుస్తుంది. ముదురు గోధుమ, నలుపు అయితే ఇంజిన్ ఆయిల్. రేడియేటర్ హోస్ బిగింపుల దగ్గర ఆకుపచ్చగానో, గులాబీ రంగుగానో, తెల్లగానో పొక్కులా ఎండి ఉంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారి ఆరింది. బ్రేక్ ఆయిల్ డబ్బా కింద బాడీ పెయింట్ ఉబ్బి ఊడుతుంటే బ్రేక్ ఆయిల్ చెమరుస్తోందని అర్థం. అది పెయింట్‌ని తినేస్తుంది, పైగా బ్రేకుల వ్యవహారం, ఆలస్యం చేయకూడదు. ఏసీ పైపు జాయింటు చుట్టూ జిడ్డు మచ్చ, దానికి అంటుకున్న దుమ్ము కనపడితే అక్కడి నుంచి గ్యాస్ పోతూ ఉండవచ్చు, గ్యాస్‌తో పాటు కొంచెం కంప్రెసర్ ఆయిలూ బయటికొస్తుంది. పెట్రోలు వాసన గుప్పుమంటే మాత్రం శుభ్రం చేసే పని అక్కడే ఆపండి. స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని ఇంటికి పిలిపించండి.

ఎలుకల సంగతీ ఇప్పుడే తేలాలి. అపార్టుమెంటు సెల్లార్లలో నిలబడే కార్లకు ఇది మామూలు. బ్యాటరీ పక్కన, బానెట్ లోపలి పీచు పరుపులో, ఇంజిన్ పై ప్లాస్టిక్ కవర్ కింద చూడండి. గూడు, పెంటికలు ఉంటే చీపురుతో ఊడ్వకండి, ఊదకండి, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు ఎలుక మూత్రం తగిలిన చోటు నుంచే అంటుతాయి. మాస్కు, రబ్బరు గ్లౌజులు వేసుకుని, తొమ్మిది వంతుల నీళ్లలో ఒక వంతు బ్లీచ్ ద్రావణం కలిపి గూడు మీద చల్లండి. ఐదు నిమిషాలు నాననిచ్చి కాగితంతో ఎత్తి కవర్లో కట్టి పారేయండి. తర్వాత ఆ చోటును మంచినీళ్ల గుడ్డతో తుడవండి, బ్లీచ్ నిలిచిపోతే ఇనుము తుప్పు పడుతుంది. బ్లీచ్‌లో వేరే ఏ క్లీనరూ కలపకూడదు. కొరికిన వైరు కనపడితే ముందు దాన్ని ఎలక్ట్రీషియన్‌తో బాగు చేయించి, ఆ తర్వాతే తడి పని పెట్టుకోండి.

ఏం కావాలి

పెయింటు వేసే బ్రష్షులు రెండు (ఒకటి రెండంగుళాలది, ఒకటి అంగుళంది), పాత టూత్‌బ్రష్షులు, సీసాలు కడిగే పొడవాటి బ్రష్షు, ఐదారు మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు స్ప్రే సీసాలు, పాలిథిన్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, అల్యూమినియం ఫాయిల్, గ్లౌజులు, కళ్లద్దాలు, 10 నంబరు స్పానర్, వంటసోడా, వ్యాజిలిన్. నీళ్లు చల్లడానికి మొక్కలకు వాడే చేతి పంపు స్ప్రేయర్ సరిపోతుంది. పురుగుమందు కొట్టిన స్ప్రేయర్ మాత్రం ఎంత కడిగినా వాడకండి.

జిడ్డు తీయడానికి నీళ్లలో కలిసే ఇంజిన్ డీగ్రీజర్ కొనండి. ఆటో స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పెద్ద డబ్బాల్లో అమ్ముతారు. డబ్బా మీద చెప్పిన పాళ్లలో నీళ్లు కలపండి, మొదటిసారి కొంచెం పల్చగానే కలపండి.

మన దగ్గర చాలా సర్వీసింగ్ షెడ్లలో డీజిల్, కిరోసిన్ గన్‌తో కొట్టి నీళ్లతో కడిగేస్తారు. జిడ్డు చిటికెలో పోతుంది, నిజమే. కానీ రేడియేటర్ హోసులూ ఇప్పటి కార్ల బెల్టులూ ఎక్కువగా ఈపీడీఎమ్ అనే రబ్బరుతో చేస్తారు. వేడినీ కూలెంట్‌నీ తట్టుకునే ఆ రబ్బరు పెట్రోలియం నూనెలను తట్టుకోదు, పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. పైగా మూలల్లో మిగిలిపోయిన డీజిల్ మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది. సైలెన్సర్ పైపు దగ్గర పడితే మంట భయం కూడా. నా కారు బానెట్ కింద ఎవరినీ డీజిల్ కొట్టనివ్వను. బాత్రూం కడిగే యాసిడ్, కాస్టిక్ సోడా కూడా వద్దు, రెండూ అల్యూమినియాన్ని తింటాయి, మీ ఇంజిన్‌లో చాలా భాగాలు దానితో చేసినవే.

చల్లారనివ్వండి, బ్యాటరీ తీయండి, కప్పండి

ఇంజిన్ చేయి పెడితే నులివెచ్చగా ఉండాలి, అంతకు మించకూడదు. ఎర్రగా కాగిన ఎగ్జాస్ట్ మీద చన్నీళ్లు పడితే పోత ఇనుము పగలవచ్చు. మీ చేతులూ కాలతాయి. పూర్తిగా చల్లగా ఉంటే జిడ్డు మొండికేస్తుంది, కాబట్టి రెండు మూడు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపి, కాసేపు ఆగడం మంచిది. నీడలో చేయండి. మన ఎండలో డీగ్రీజర్ ఐదు నిమిషాల్లో ఎండిపోయి తెల్ల మరకలు పెడుతుంది. కింద పాత గోనెసంచులో అట్టపెట్టెలో పరచండి, కుదిరితే రంపపు పొట్టు చల్లండి. ఆ నూనె నీళ్లు ఇంటి బావి పక్కకో మొక్కల పాదులోకో పోకూడదు.

బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, పాజిటివ్ తర్వాత. దీనికి కారణం ఉంది. కారు బాడీ అంతా నెగెటివే. నెగెటివ్ వైరు ఉండగా పాజిటివ్ నట్టు మీద ఉన్న స్పానర్ బాడీకి తగిలితే పెద్ద నిప్పు రవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటే అది ప్రమాదం. నెగెటివ్ తీసేస్తే ఆ భయం లేదు. రేడియేటర్ ఫ్యాన్ దానంతట అది తిరగడమూ ఉండదు. కొన్ని పాత మ్యూజిక్ సిస్టమ్‌లు బ్యాటరీ తీస్తే కోడ్ అడుగుతాయి, అది ముందే వెతికి పెట్టుకోండి.

ఇప్పుడు కప్పాల్సినవి: ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది), ఫ్యూజు బాక్సు, ఇంజిన్ కంప్యూటర్ బానెట్ కిందే ఉంటే అది, ఇగ్నిషన్ కాయిల్స్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి), పాత కారైతే ఆ కరెంటును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్, ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే గొట్టం నోరు, హారన్. పాలిథిన్ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, వంకర టింకర చోట్ల ఫాయిల్ బాగా కుదురుతుంది. డిప్‌స్టిక్, ఆయిల్ మూత, బ్రేక్ ఆయిల్ మూత గట్టిగా ఉన్నాయో లేదో చేత్తో తిప్పి చూడండి.

ముందు పొడి పని

నీళ్ల జోలికి పోక ముందే సగం మురికి పోవాలి. వైపర్ల కింద ఉండే జాలీ దగ్గర మొదలుపెట్టండి. కానుగ చెట్టు కిందో వేప చెట్టు కిందో నిలిపే కారైతే అక్కడ గుప్పెళ్ల కొద్దీ ఆకులు, పూలు కుళ్లి నల్లటి మట్టిలా తయారై ఉంటాయి. జాలీ రెండు చివర్లా కిందికి నీరు పోయే కన్నాలుంటాయి. వాటిలో ఆ మట్టి కూరుకుపోతే వానాకాలంలో నీరు నిలిచి, పక్కనే ఉన్న ఏసీ బ్లోయర్ గుండా కారు లోపలికి, ముందు సీటు కాళ్ల దగ్గరికి వస్తుంది. చాలామంది డోరు రబ్బరు పోయిందనుకుని దాన్ని మార్పిస్తారు. వేళ్లతో ఆకులన్నీ తీసి, మెత్తటి ప్లాస్టిక్ ట్యూబుతో కన్నాలు పొడిచి, గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోయండి. కింద చక్రం వెనకాల నుంచి ధారగా పడితే దారి తెరుచుకున్నట్టే.

ఆ తర్వాత పొడి బ్రష్షుతో పై నుంచి కిందికి దుమ్ము దులపండి, గాలి కొట్టే చేతి బ్లోయర్ ఉంటే వాడండి. గోదావరి జిల్లాల్లో, నల్లగొండ, కరీంనగర్ వైపు వరి కోతలప్పుడు తిరిగిన కార్లకు రేడియేటర్ ముందు పొట్టు, గడ్డి పేరుకుంటుంది. రేడియేటర్ రేకులు వేలితో నొక్కితే వంగేంత పల్చన. గట్టి బ్రష్షు పెట్టకుండా, మెత్తటి బ్రష్షును రేకుల వెంబడే పై నుంచి కిందికి మాత్రమే నడపండి.

బ్యాటరీ

టెర్మినల్ మీద తెల్లగా, నీలి ఆకుపచ్చగా పువ్వు పూసినట్టు ఉండే పదార్థం ఆమ్లపు ఆవిరి సీసాన్నీ రాగినీ తినగా మిగిలింది. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో టేబుల్ స్పూను వంటసోడా కలిపి టూత్‌బ్రష్షుతో రాయండి. బుసబుసా పొంగుతుంది, ఆ పొంగు ఆగే దాకా రాయాలి. సెల్ మూతలున్న బ్యాటరీ అయితే అవి బిగుతుగా ఉండాలి, సోడా నీళ్లు లోపలికి పోతే బ్యాటరీ పాడవుతుంది. తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బ్యాటరీ కింది ట్రేని కూడా బయటికి తీసి చూడండి. బానెట్ కింద తుప్పు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

డీగ్రీజర్, బ్రష్షు, తక్కువ నీళ్లు

ఒకేసారి మొత్తం మీద చల్లకండి. జాగాను నాలుగు భాగాలనుకుని, ఒక్కో భాగం పూర్తి చేసి ముందుకు పొండి. మిగతా పనంతా పై నుంచి కిందికి అన్నాను గానీ, డీగ్రీజర్ మాత్రం కింది నుంచి పైకి చల్లండి, అప్పుడు పై నుంచి కారిన చారికలు పొడి మురికి మీద గీతలు పెట్టవు. మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి బ్రష్షుతో రాయండి. ప్లాస్టిక్ కవర్లకు పెద్ద బ్రష్షు, బోల్టుల చుట్టూ టూత్‌బ్రష్షు, హోసుల వెనక సీసా బ్రష్షు. గట్టిపడిన జిడ్డును ముందు పాత ఏటీఎం కార్డు అంచుతో గీకేస్తే మందూ నీళ్లూ తక్కువ పడతాయి. బెల్టుల మీద డీగ్రీజర్ పడనివ్వకండి. కనెక్టర్ల మీద నేరుగా చల్లకుండా, గుడ్డ మీద చల్లి గుడ్డతో తుడవండి.

కడగడానికి చేతి స్ప్రేయర్‌లోని సన్నటి జల్లు చాలు. ప్రెషర్ వాషర్ వద్దంటాను. ఇంట్లో వాడేవి కూడా 100 బార్లకు అటూ ఇటూ ఒత్తిడితో కొడతాయి. కనెక్టర్ల రబ్బరు సీళ్లు వాన చినుకుల్ని, రోడ్డు మీద చిందే నీళ్లని ఆపడానికి చేసినవి, అంత ధారను ఆపలేవు. ఆ రోజు కారు బాగానే స్టార్ట్ అవుతుంది. లోపల చిక్కిన తేమ కొన్ని నెలల్లో పిన్నుల్ని పచ్చగా తుప్పు పట్టించాక ఏదో ఒక లైటు వెలుగుతుంది, దాని కారణం ఎవరికీ దొరకదు.

మన ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. చివరి జల్లుకు ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పెట్టుకోండి, అవి గాలిలోని తేమ చల్లబడి పడ్డవి కాబట్టి వాటిలో లవణాలు ఉండవు. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లు మాత్రం పనికిరావు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

ఆరబెట్టడం, స్టార్ట్ చేయడం

గుడ్డతో నీటిని అద్దండి, బ్లోయర్‌తో సందుల్లోంచి ఊదండి, తర్వాత కారును ఎండలోకి నెట్టి బానెట్ ఎత్తి గంటసేపు వదిలేయండి. కవర్లు అప్పుడు తీయండి. పెట్రోలు కారైతే కాయిల్ ఒకటి పైకి లాగి ప్లగ్గు గుంతలో నీరుందేమో టార్చితో చూడండి, ఉంటే గుడ్డ చుట్టిన పుల్లతో పీల్చండి. బ్యాటరీకి పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర బిగించి, టెర్మినళ్ల మీద పల్చగా వ్యాజిలిన్ రాయండి.

స్టార్ట్ చేశాక పది పదిహేను నిమిషాలు ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచండి. బ్యాటరీ తీశారు కాబట్టి మొదటి కొద్ది నిమిషాలు ఐడిలింగ్ కొంచెం ఎగుడుదిగుడుగా ఉండవచ్చు. ఇంజిన్ గుంజుతూ చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటే వెంటనే ఆపండి. మిస్‌ఫైర్ అవుతున్నప్పుడు, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండనప్పుడు, ఆ పెట్రోలు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. కాయిల్స్ తీసి ఆరబెట్టి మళ్లీ చూడండి. పాత కార్లలో ఎక్కువగా డిస్ట్రిబ్యూటర్ మూత లోపల పట్టిన చెమ్మే దోషి.

పాతదాన్ని నిలబెట్టడం

ఇప్పుడు శుభ్రంగా కనపడుతున్న హోసుల్ని ఒక్కొక్కటిగా నొక్కి చూడండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. మంచి హోసు నొక్కితే కొంచెం దిగి తిరిగి వస్తుంది. కరకరలాడితే ఎండిపోయింది, బంకమట్టిలా దిగిపోతే లోపల పాడైంది, రెండింటినీ మార్చాల్సిందే. బిగింపుల దగ్గర వంచి చూస్తే సన్న పగుళ్లు కనపడతాయి. వేసవిలో విజయవాడ హైవే మీద హోసు పగిలి నిలబడిపోవడంతో పోలిస్తే కొత్త హోసు ఖర్చు ఏపాటిది? వైర్ల మీది నలుపు గొట్టం చిట్లిపోతే గజాల లెక్కన కొత్తది దొరుకుతుంది. నిలువునా చీలిక ఉంటుంది కాబట్టి వైర్లు విప్పకుండానే తొడగవచ్చు.

తుప్పుకు కాస్త సమయం పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బ్రాకెట్లు, బ్యాటరీ ట్రే త్వరగా పోతాయి. వైర్ బ్రష్షుతో ఊడేదంతా ఊడగొట్టి, 120 నంబరు ఎమెరీ పేపరుతో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, మిగిలిన తుప్పును గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ పూయండి. ఆరాక పల్చగా రెండు సార్లు ప్రైమర్, రెండు సార్లు నలుపు. దట్టంగా ఒకేసారి పూస్తే పొరలుగా లేస్తుంది. ఎగ్జాస్ట్ పై రేకు కవచానికి మామూలు పెయింటు కాలి వాసనేస్తుంది, 600 డిగ్రీలు తట్టుకునేదని డబ్బా మీద రాసి ఉన్న హీట్ పెయింటే వాడాలి. రేకు చిల్లు పడితే పెయింటు దాన్ని దాచుతుందంతే, వెల్డింగ్ చేయించండి.

ఒక్క చోట మాత్రం ఎమెరీ పేపరూ పెయింటూ తగలనివ్వకండి. చాలా కార్లకు ఛాసిస్ నంబరు బానెట్ కిందే, ఇంజిన్ వెనకాల రేకు మీద కొట్టి ఉంటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్‌ను 15 ఏళ్లకు రెన్యువల్ చేయించేటప్పుడు ఆర్టీఏ ఆఫీసులో ఆ నంబరు చూస్తారు. అది చెరిగినట్టు, మళ్లీ రంగేసినట్టు ఉంటే అనవసరమైన ప్రశ్నలు ఎదురవుతాయి. దాని మీద తడిగుడ్డ చాలు. ఏసీ గ్యాస్ ఎంత పట్టాలో రాసి ఉన్న స్టిక్కర్ కూడా ఊడకుండా చూసుకోండి, తర్వాత గ్యాస్ నింపేవాడికి అదే ఆధారం.

ప్లాస్టిక్, రబ్బరుకు పూత పెట్టాలనుకుంటే నీటి ఆధారితమైనది తీసుకుని గుడ్డతో పల్చగా రాసి, పది నిమిషాలాగి పొడిగుడ్డతో తుడిచేయండి. జిడ్డుగా మిగలకూడదు. బెల్టుల మీద, పుల్లీల మీద ఏ పూతా పడకూడదు, జారిపోయి కీచుమంటాయి. మొత్తం మీద స్ప్రే కొట్టి తడితడిగా మెరిసేలా వదిలేసే పద్ధతి నాకు నచ్చదు, వారంలో ఆ తడి దుమ్మునంతా పట్టుకుని మొదటికొస్తుంది.

లీకు ఎక్కడో తేల్చుకోవడం

మొదట అనుమానపడ్డ అంచుల వెంబడి, ట్యాపెట్ కవర్ చుట్టూ, ఆయిల్ ఫిల్టర్ మొదట్లో, పొడిగా తుడిచి కొంచెం టాల్కమ్ పౌడరు చల్లండి. బెల్టు, ఫ్యాన్ వైపు వద్దు. ఇరవై ముప్పై కిలోమీటర్లు తిరిగొచ్చి చల్లారాక చూడండి. లీకు ఉన్న చోట పౌడరు తడిసి సన్నటి గీత పడుతుంది, ఆ గీత పై కొస ఎక్కడుందో అక్కడే ఆయిల్ బయటికొస్తోంది. దాన్ని ఫోటో తీసి మెకానిక్‌కు చూపిస్తే, అనుమానం మీద నాలుగు ప్యాకింగులు మార్చే బదులు ఒక్కటి మారుస్తాడు. గీత ఎక్కడా పడకపోతే అది పాత జిడ్డే. మూడు నాలుగు వారాల తర్వాత ఒకసారి మళ్లీ టార్చి వేసి చూస్తే చాలు. ఆ పైన ఏడాదికోసారి, వానాకాలం ముందు జాలీ కింది ఆకులు తీసి పొడి బ్రష్షుతో దులుపుకుంటుంటే, ఇంత తడి పని మళ్లీ చాలాకాలం పెట్టుకోనక్కర్లేదు.